మాడ్రిడ్ వేళలు



స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో కమ్మగా భోంచేయదలచినవారికీ, రాత్రివేళ ఊరు చూడదలచినవారికీ, అంగళ్లలో నాలుగు వస్తువులు కొనదలచినవారికీ ముందుగా తెలియవలసినవి హోటళ్ల పేర్లు గాని వీధుల పేర్లు గాని కావు. ఆ ఊరు ఏ పనిని ఏ వేళకు చేస్తుందన్న సంగతి తెలియాలి. ఈనాటి ప్రసంగం ఆ ఒక్క సంగతిని గురించినదే. ఊరి వేళను పట్టుకున్న యాత్రికుడికి మాడ్రిడ్ చవకగా, సందడిగా ఉంటుంది. వేళ తప్పిన యాత్రికుడికి అదే ఊరు ఖరీదుగా, తలుపులు మూసుకున్నట్టుగా కనిపిస్తుంది.

మన పట్టణాల్లో మధ్యాహ్నం నాలుగు గంటలకు భోజన హోటలుకు వెళ్లి అరిటాకు వేయమంటే, అప్పటికి అన్నం గుండిగలు కడిగి బోర్లించి ఉంటాయి. అదే వీధి చివర మరో గంటకు మిరపకాయ బజ్జీల మూకుడు కాగుతూ ఉంటుంది. దోషం వంటవాడిది కాదు, వెళ్లిన వేళది. మాడ్రిడ్‌లోనూ జరిగేది ఇదే, కాకపోతే అక్కడి గంటలు వేరు. మధ్యాహ్న భోజనం రెండు గంటలకు మొదలై నాలుగింటిదాకా సాగుతుంది. రాత్రి భోజనానికి తొమ్మిది గంటలంటే తొందరపడినట్టే. వేసవిలో పదిన్నరకు బల్ల దగ్గర కూర్చునే కుటుంబాలు, వాటి వెంట చిన్నపిల్లలు కూడా, అక్కడ ఎవరికీ వింతగా తోచరు. నాలుగు గంటలకూ ఎనిమిదిన్నరకూ మధ్య చాలా భోజనశాలల్లో వంటగది మూసే ఉంటుంది. కాఫీ దొరుకుతుంది, రొట్టెముక్క దొరుకుతుంది, వండి వడ్డించే భోజనం మాత్రం దొరకదు.

హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో బయలుదేరి వెళ్లినవారికి ఇక్కడ ఒక చిక్కు ఉంది. వేసవిలో స్పెయిన్ గడియారం మన గడియారం కంటె మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనుక ఉంటుంది. మన దేశంలో రాత్రి ఎనిమిదింటికి భోంచేసే అలవాటున్న శరీరానికి, ప్రయాణం చేసిన మొదటి రోజున, వేసవిలోనైతే సరిగ్గా నాలుగున్నరకు ఆకలి దంచేస్తుంది. అంటే వంటగదులు అప్పుడే మూతపడి ఉంటాయన్నమాట. ఆ వేళకు తెరిచి ఉండి, వాకిట్లో పళ్లేల రంగురంగుల ఫొటోలు పెట్టి, దారినపోయేవారిని పేరంటానికి పిలిచినట్టు లోపలికి పిలిచే హోటళ్లు ప్లాజా మయోర్ అనే పెద్ద కూడలి చుట్టుపక్కల కొన్ని కనిపిస్తాయి. అవి ఊరివారి కోసం నడిచేవి కావు. అందులో పెట్టే పాయెల్యా, అంటే కుంకుమపువ్వు వేసి వెడల్పాటి పెనంలో వండే వలెన్సియా ప్రాంతపు అన్నం, చాలాచోట్ల వండి గడ్డకట్టించిన దాన్ని వేడిచేసి ఇచ్చేదే. నిజానికి పాయెల్యా మధ్యాహ్నం తినే వంటకం. సాయంత్రం ఆరు గంటలకు దాన్ని వడ్డించే హోటలును అనుమానించడమే మంచిది.

ఇంత ఆలస్యపు వేళలు ఎందుకు ఏర్పడ్డాయన్నదానికి కారణం కొంత సూర్యుడిలో, కొంత చరిత్రలో ఉంది. గ్రీనిచ్ రేఖ స్పెయిన్ తూర్పు భాగం మీదుగా పోతుంది గనుక, మాడ్రిడ్ ఆ రేఖకు పడమట ఉంది గనుక, ఆ ఊరు లండన్ వేళను అనుసరించడం భూగోళం ప్రకారం సబబు. అయితే 1940 మార్చిలో నియంత ఫ్రాంకో ప్రభుత్వం గడియారాలను ఒక గంట ముందుకు జరిపించి, దేశాన్ని బెర్లిన్ వేళకు చేర్చింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక కూడా ఆ మార్పును వెనక్కి తీసుకోలేదు. ఫలితంగా మాడ్రిడ్‌లో సూర్యుడు నడినెత్తికి వచ్చేది చలికాలంలో దాదాపు ఒంటిగంటంపావుకు. వేసవిలో గడియారం మరో గంట ముందుకు జరుగుతుంది గనుక, దాదాపు రెండుంపావుకు. గడియారం రెండు గంటలు కొట్టినప్పుడు అన్నానికి కూర్చునే మాడ్రిడ్ మనిషి, సూర్యుణ్ణి బట్టి చూస్తే, మిట్టమధ్యాహ్నమే తింటున్నాడు. జూన్ చివరలో అక్కడ పొద్దు గుంకేది రాత్రి 9.45 దాటాక. వెలుతురు ఉండగా రాత్రి భోజనమేమిటని వారు అనుకోవడంలో వింత లేదు. స్పెయిన్ అంతర్యుద్ధం తరువాతి కరవు రోజుల్లో చాలామంది పగలొకటి, సాయంత్రమొకటి రెండు ఉద్యోగాలు చేయవలసి రావడం కూడా రాత్రి భోజనాన్ని వెనక్కి నెట్టిందని చెప్పేవారున్నారు.

కారణం ఏదైనా, శ్రోతలు గుర్తుంచుకోవలసినది ఒక్కటే. మధ్యాహ్నం రెండు, రాత్రి తొమ్మిది. ఈ రెండు గంటలూ మాడ్రిడ్ భోజనానికి తాళంచెవులు.

మధ్యాహ్న భోజనాన్ని గురించి కొంచెం విస్తరించి చెప్పుకోవాలి, ఎందుకంటే మాడ్రిడ్‌లో తక్కువ డబ్బుకు ఎక్కువ తృప్తి కలిగేది అక్కడే. వారపు పనిదినాల్లో సాధారణ భోజనశాలలు ‘మెనూ దెల్ దియా’ అనే పద్ధతిలో భోజనం పెడతాయి. ఆనాటి భోజనం అని దాని అర్థం. వాకిట్లో నల్లబల్ల మీద సుద్దతో మూడు నాలుగు మొదటి వంటకాలు, మూడు నాలుగు రెండో వంటకాలు రాసి, కింద ఒకే ధర వేస్తారు. ఒక్కొక్క వరుసలో ఒకటి చొప్పున ఎంచుకుంటే, రొట్టె, తాగడానికి ఏదో ఒకటి, చివర తీపి గాని కాఫీ గాని ఆ ధరలోనే వస్తాయి. సాధారణ పేటల్లో అది సుమారు 12 నుంచి 16 యూరోల మధ్య ఉంటుంది. రాత్రి అదే హోటలులో విడివిడిగా తెప్పించుకుంటే అవే వంటకాలకు చాలా ఎక్కువ అవుతుంది. ఈ పద్ధతికి మూలం 1960ల మధ్యలో ఉంది. విదేశీ యాత్రికులు పెద్దయెత్తున రావడం మొదలైన ఆ కాలంలో, మాన్యుయెల్ ఫ్రాగా మంత్రిగా ఉన్న పర్యాటక శాఖ, భోజనశాలలన్నీ నిర్ణీత ధరకు ఒక సంపూర్ణ భోజనం అందించాలని నిబంధన విధించింది. యాత్రికుల కోసం పుట్టిన ఆ భోజనాన్ని తరువాత కార్యాలయ ఉద్యోగులూ పనివారూ తమదిగా చేసుకున్నారు. ఈనాటి యాత్రికులు మాత్రం చాలామంది దాని ఉనికే ఎరగకుండా తిరిగిపోతున్నారు.

భోజనం ముగిశాక బిల్లు దానంతటది రాదు. తిన్న తరువాత బల్ల దగ్గరే కూర్చుని కబుర్లు చెప్పుకోవడాన్ని అక్కడ ‘సోబ్రెమెసా’ అంటారు, అది భోజనంలో ఒక భాగమే గనుక, అడగకముందే బిల్లు తెచ్చిపెట్టడం అమర్యాదగా భావిస్తారు. ‘లా క్వెంతా’ అని అడిగితే తెస్తారు. బక్షీసు తప్పనిసరి కాదు. చిల్లర వదిలివేస్తే చాలు. మంచినీళ్ల విషయంలో ఒక ఉపకారం చట్టమే చేసింది: 2022లో వచ్చిన వ్యర్థాల చట్టం ప్రకారం, అడిగినవారికి కుళాయి నీళ్లను భోజనశాలలు ఉచితంగా ఇవ్వాలి. గ్వదర్రామా కొండల నుంచి వచ్చే మాడ్రిడ్ నీళ్లు తాగడానికి బాగుంటాయి. ‘ఆగ్వా దెల్ గ్రీఫో’ అని అడగాలి. ఉత్త ‘ఆగ్వా’ అంటే డబ్బుకు సీసా వస్తుంది.

శాకాహారులకు మాడ్రిడ్ కొంత పరీక్షే పెడుతుంది. ఆ ఊరికి ప్రత్యేకమైన ‘కొసీదో’ అనే వంటకంలో కాబూలీ శనగలూ కూరగాయలూ ఉన్న మాట నిజమే గాని, అవి మాంసంతో కలిసి ఒకే కుండలో గంటల తరబడి ఉడికినవి. వడ్డించేటప్పుడు మాత్రం ముందు చారు, తరువాత శనగలు, ఆపైన మాంసం అని విడదీస్తారు. పైగా ‘హమోన్’, అంటే ఉప్పులో ఊరబెట్టి నెలల తరబడి గాలికి ఆరబెట్టిన పంది తొడ మాంసం, ఆ దేశంలో చాలామందికి మాంసం కింద లెక్కకు రాదు. పైన చల్లే అలంకారంగా అనేక వంటకాల్లో కనిపిస్తుంది. కనుక మాంసం వద్దు అన్న ఒక్క మాట చాలదు. ‘సిన్ కార్నె, సిన్ హమోన్, సిన్ పెస్కాదో’ అని మాంసాన్నీ, హమోన్‌నూ, చేపనూ విడివిడిగా కాదనాలి. గుడ్డు తినేవారికి బంగాళాదుంపల మందపాటి అట్టు ‘తోర్తియా’ ఎల్లప్పుడూ దొరుకుతుంది. గుడ్డు కూడా తినని వారికి వేసవిలో టమాటా, దోసకాయ, ఆలివ్ నూనె కలిపి రుబ్బిన చల్లని ‘గస్పాచో’, ఉప్పు చల్లి వేయించిన ‘పిమియెంతోస్ దె పద్రోన్’ అనే చిన్న పచ్చిమిరపకాయలు ఉన్నాయి. వాటిలో చాలావరకు చప్పగా ఉండి, ఎప్పుడో ఒకటి కారంగా తగులుతుందని అక్కడివారు హెచ్చరిస్తారు. తెలుగువారు ఆ హెచ్చరికకు అంతగా భయపడనక్కరలేదు. అన్నమే కావాలనిపిస్తే లవాపియేస్ పేటలో, ఎక్కువగా బంగ్లాదేశీయులు నడిపే భారతీయ భోజనశాలలు వరుసగా ఉన్నాయి.

ఇక రాత్రి సంగతి. మాడ్రిడ్ రాత్రిలో భోజనాన్నీ విహారాన్నీ విడదీయడం కష్టం, ఎందుకంటే అక్కడివారు ఒకేచోట కూర్చుని కడుపునిండా తినడం కంటె, ఒక దుకాణంలో ఒక చిన్న పళ్లెం, పక్క దుకాణంలో మరొకటి రుచి చూస్తూ నడవడాన్ని ఎక్కువగా ఇష్టపడతారు. ఆ చిన్న పళ్లేలకే ‘తపాస్’ అని పేరు. లా లతీనా పేటలోని కావా బాహా అనే సన్నని వీధి ఇందుకు పేరుపొందింది. ఆ నడకలో పాటించవలసిన సూత్రం ఒకటుంది: గల్లా బల్ల దగ్గర నిలబడి తినాలి. చాలాచోట్ల అదే పళ్లేనికి లోపల కుర్చీలో కూర్చుంటే ఒక ధర, బయట వీధిలో వేసిన బల్లల దగ్గర మరింత ధర ఉంటుంది. ఎక్కువమంది ఊరివారు నిలబడి ఉన్న దుకాణం బాగుంటుందని, ఎవరూ లేని దుకాణంలో ఎందుకు ఎవరూ లేరో ఆలోచించుకోవాలని వేరే చెప్పనక్కరలేదు.

దగ్గరలోనే సాన్ మిగెల్ అంగడి ఉంది. ఇనుప స్తంభాలతో 1916లో కట్టిన ఆ భవనంలో ఒకప్పుడు కూరగాయలూ చేపలూ అమ్మేవారు. 2009లో అది ఖరీదైన తినుబండారాల శాలగా మారింది. కట్టడం చూడదగినదే. కడుపు నింపుకోవడానికి మాత్రం ఆంతోన్ మార్తీన్ అంగడి మేలు. అక్కడ కూరలమ్మే కొట్ల మధ్యనే చిన్న భోజనపు కొట్లు కూడా ఉన్నాయి. 1725 నుంచి నడుస్తూ, ప్రపంచంలోకెల్లా పాతదిగా గిన్నిస్ గ్రంథానికెక్కిన బోతీన్ భోజనశాల కూడా ఈ ప్రాంతంలోనిదే. అది పంది పిల్లను కట్టెల పొయ్యిలో కాల్చి పెట్టడానికి పేరుపడింది గనుక, శాకాహారులు వాకిలి చూసి నమస్కరించి ముందుకు సాగడమే ఉచితం.

భోజనం పదకొండింటికి ముగిస్తే, పానశాలలకు జనం చేరేది అప్పుడే. నాట్యశాలలు, అంటే యువతీయువకులు సంగీతానికి అడుగులు వేసే క్లబ్బులు, ఒంటిగంట దాటితేగాని నిండవు. తెల్లవారుజామున ఐదారు గంటల వరకు నడుస్తాయి. రాత్రి పదింటికే అక్కడికి చేరిన యాత్రికుడు ఖాళీ గదిని చూసి, ఈ ఊరికి ఉన్న పేరు అబద్ధమనుకుని బసకు తిరిగిపోతాడు. ఈ రాత్రి జీవితానికి ఒక చరిత్ర ఉంది. 1975లో ఫ్రాంకో మరణించాక, దశాబ్దాల నిర్బంధం సడలినప్పుడు, పాటగాళ్లూ చిత్రకారులూ సినిమావారూ మలసాన్యా పేట పానశాలల్లో గుమిగూడి ‘మొవీదా’ అనే ఒక సాంస్కృతిక కదలికను లేవదీశారు. దర్శకుడు పెద్రో అల్మొదోవర్ ఆ కదలికలో నుంచే పైకి వచ్చాడు. మలసాన్యా ఈనాటికీ యువతరం పేటే. కొంచెం నెమ్మదైన రాత్రి కావాలనేవారికి, రచయిత సెర్వాంతెస్ నివసించి మరణించిన సాహిత్యవాడ, వాహనాలు అంతగా తిరగని వెర్తాస్ వీధి బాగుంటాయి. అక్కడా, సోల్ కూడలిలోనూ కరపత్రాలు చేతిలో పెట్టి ఫలానా చోటికి రమ్మనేవారి వెంట మాత్రం వెళ్లకండి.

మద్యం అలవాటు లేనివారికి, పిల్లలతో వెళ్లినవారికి రాత్రి మాడ్రిడ్‌లో ఏమీ లేదనుకోవడం పొరపాటు. ‘తబ్లావో’ అనే చిన్న రంగశాలల్లో ఫ్లమెంకో ప్రదర్శనలు సాయంత్రం నుంచే మొదలవుతాయి. దక్షిణాన ఉన్న అందలూసియాలో పుట్టి, గానం, గిటారు, పాదాల తాళంతో కూడిన నృత్యం మూడూ కలిసి నడిచే కళ ఇది. 2010లో యునెస్కో దీన్ని మానవజాతి వారసత్వంగా గుర్తించింది. కొర్రాల్ దె లా మొరెరియా అనే తబ్లావో 1956 నుంచి నడుస్తున్నది. ఇంతకంటె చవకైన వినోదం మరొకటి ఉంది. ప్రాదో చిత్రశాలలో సోమవారం నుంచి శనివారం వరకు సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది గంటల దాకా ప్రవేశం ఉచితం. శ్రోతలు గమనించే ఉంటారు: వంటగదులు మూతపడి ఉండే వేళ అదే. వేలాస్కెస్, గోయా చిత్రాల ముందు ఆ వేళ గడిపి, బయటికి వచ్చి, తొమ్మిదికి భోజనానికి కూర్చుంటే ఊరి వేళ దానంతటదే కుదురుతుంది.

అర్ధరాత్రి దాటాక ఆకలి వేసినవారికి సాన్ హినెస్ అనే దుకాణం ఉంది. 1894 నాటి ఆ కొట్టులో ‘చుర్రోస్’, అంటే పిండి, నీరు, ఉప్పు కలిపి నక్షత్రాకారపు రంధ్రం గుండా కాగే నూనెలోకి వత్తి తీసినవి, చిక్కని వేడి చాక్లెట్‌లో ముంచుకుని తింటారు. ఆటస్థలం నుంచి, నాటకం నుంచి, నాట్యశాల నుంచి తిరిగివచ్చేవారంతా అక్కడ ఒకే వరుసలో నిలబడతారు. మెట్రో రైళ్లు మామూలుగా ఒంటిగంటన్నర వరకే. ఆ తరువాత ‘గుడ్లగూబలు’ అని ముద్దుపేరున్న రాత్రి బస్సులు సిబెలెస్ కూడలి నుంచి నలుమూలలకూ బయలుదేరుతాయి. ఒక నియమం మాత్రం తెలిసి ఉండాలి: వీధిలో నిలబడి మద్యం తాగడాన్ని మాడ్రిడ్ ప్రాంతంలో 2002 నాటి చట్టం నిషేధించింది.

అంగళ్ల విషయంలోనూ సూత్రం అదే. వేళ చూసుకోవాలి. గ్రాన్ వియాలోనూ ప్రెసియాదోస్ వీధిలోనూ ఉన్న పెద్ద దుకాణాలు పొద్దుటి పది నుంచి రాత్రి దాకా తెరిచే ఉంటాయి. 2012 నుంచి మాడ్రిడ్ ప్రాంతంలో దుకాణాలు ఆదివారాలు కూడా తెరుచుకోవడానికి స్వేచ్ఛ ఉంది గనుక, ఆదివారం అంగళ్లన్నీ మూతపడే జర్మనీ నుంచి వచ్చినవారికి ఇది ఆశ్చర్యంగా ఉంటుంది. కాని ఆ పెద్ద దుకాణాల్లో ఉండే సరుకు లండన్‌లోనూ పారిస్‌లోనూ, కొంతవరకు హైదరాబాదులోనూ దొరికేదే. మాడ్రిడ్‌లోనే కొనవలసినవి చిన్న కొట్లలో ఉంటాయి, ఆ చిన్న కొట్లు మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా తలుపులు వేసుకుంటాయి; ఆదివారం అసలే తెరవనివి చాలా ఉన్నాయి. సోల్ కూడలిలో చేతి విసనకర్రలూ గొడుగులూ అమ్మే కాసా దె దియెగో, 1915 నుంచి ఊదారంగు పూల సువాసనగల మిఠాయి బిళ్లలు అమ్మే లా వియొలేతా, తొలేదో వీధిలో తాడు అట్టల గుడ్డ చెప్పులు అమ్మే కాసా ఎర్నాన్స్ అటువంటివి. వంటింటికి ఉపయోగపడేవి కావాలంటే లా మాంచా కుంకుమపువ్వు, లా వేరా ప్రాంతంలో ఓక్ కట్టెల పొగ మీద ఎండబెట్టిన మిరపపొడి కొనవచ్చు. ఆ మిరపపొడికి పొగ వాసనే ప్రాణం. కారం కోసమని కొంటే గుంటూరువారికి నిరాశే.

ఎల్ రాస్త్రో అనే వీధి సంత ఆదివారాలూ సెలవు దినాలూ మాత్రమే, ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా జరుగుతుంది. రిబేరా దె కుర్తిదోరెస్ అనే ఏటవాలు వీధి పొడవునా, పక్క సందుల్లోనూ పాత సామాన్లు, పుస్తకాలు, పటాల చట్రాలు, చవక దుస్తులు అన్నీ కలగలిసి ఉంటాయి. తొమ్మిదిన్నరకు వెళితే నింపాదిగా చూడవచ్చు. పన్నెండింటికి భుజాలు రాసుకుంటూ నడవాలి, జేబుదొంగలకు కావలసిందీ అదే. సంత ముగిశాక లా లతీనా వైపు నడిచి, భోజనానికి ముందు ఒక చల్లని పానీయంతో గంటసేపు గడపడం ఊరివారి ఆదివారపు అలవాటు. తగ్గింపు అమ్మకాలు జనవరిలో ముగ్గురు రాజుల పండుగ మరునాడు, అంటే ఏడో తేదీ ప్రాంతంలో, మళ్లీ జులై ఆరంభంలో జోరుగా సాగుతాయి. ఆగస్టులో మాత్రం కుటుంబాలు నడిపే చిన్న కొట్లూ భోజనశాలలూ అనేకం వారాల తరబడి మూసి, యజమానులు సముద్రతీరానికి వెళ్లిపోతారు. సంవత్సరంలో మాడ్రిడ్ అన్నిటికంటె తక్కువ రుచించే నెల అదే.

చివరిగా డబ్బు తిరిగివచ్చే మార్గం ఒకటి. స్పెయిన్‌లో చాలా వస్తువుల ధరలో 21 శాతం విలువ జోడింపు పన్ను కలిసి ఉంటుంది. ఐరోపా సమాఖ్యకు వెలుపల నివసించేవారు, వస్తువులను మూడు నెలల్లోగా తమవెంట సమాఖ్య దాటించి తీసుకుపోతే, ఆ పన్నును వాపసు కోరవచ్చు. ఇందుకు 2018 నుంచి కనీస కొనుగోలు మొత్తం అనే షరతు కూడా లేదు. ఇక్కడ చూసేది పాస్‌పోర్టు రంగును కాదు, నివాసాన్ని. హైదరాబాదులో ఉండేవారికి వాపసు వస్తుంది. భారత పౌరులే అయినా బెర్లిన్‌లోనో డబ్లిన్‌లోనో నివసించే తెలుగువారికి రాదు. లండన్‌లో ఉండేవారికి, బ్రిటన్ సమాఖ్య నుంచి తప్పుకున్నది గనుక, వస్తుంది. మధ్యవర్తి సంస్థల రుసుము పోను చేతికందేది 21 శాతం కంటె తక్కువే ఉంటుంది. కొన్నప్పుడే పాస్‌పోర్టు చూపించి, దుకాణంవారి దగ్గర వాపసు పత్రం అడిగి తీసుకోండి. విమానాశ్రయంలో ‘దీవా’ అనే యంత్రం ముందు ఆ పత్రాన్ని నమోదు చేయించండి. అధికారులు వస్తువులు చూపమనవచ్చు గనుక, పెట్టెలను విమాన సంస్థకు అప్పగించకముందే ఈ పని పూర్తిచేసుకోండి.